కాళ్లు కనిపించని జర్మనీ నటుడు

ఆదిభట్ల కంపెనీ బస్సులు మా ఇంటి ముందు నుంచే పోతాయి. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు అరచేతిలో సినిమా చూస్తూ, నచ్చకపోతే వేలితో పైకి తోసేస్తారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా కాలంలో సినిమాను తోసెయ్యడం దొర ఒక్కడికే చెల్లేది. ఆయనైనా మొత్తం తొయ్యలేదు, అడుగు భాగం మాత్రమే తోశాడు. ఆ అడుగు భాగం సంగతే ఇప్పుడు చెబుతాను. మీకు తొందరుంటే ఇక్కడే దిగిపోండి.

నేను పట్నంలో ఒక సినిమా హాలు మేనేజరుగా రిటైరయ్యాను. ఆ ఉద్యోగం గురించి చెప్పడానికేమీ లేదు. టికెట్లు చించాం, ఎలుకల్ని తరిమాం. నా అసలు ఉద్యోగం అంతకు ముందుది. ఇబ్రహీంపట్నం అంగడి మైదానంలో వానలు లేనన్నాళ్లు ఒక డేరా సినిమా ఆడేది. పట్నంలో మాట్లాడే బొమ్మలు వచ్చి ఏళ్లు గడిచినా మాది ఇంకా మూగబొమ్మే. తెర పక్కన నిలబడి ఆ మూగబొమ్మకు మాటలివ్వడం నా పని. అందరూ నన్ను ‘చెప్పేటోడు’ అనేవాళ్లు. తెర మీద ఆడది ఏడిస్తే నేను ఏడవాలి. గుర్రం ఉరికితే నాలుకతో టకటకలాడించాలి. మంచి గొంతు, తక్కువ సిగ్గు, ఈ రెండూ ఉంటే చాలు. దేవుడి దయవల్ల నాకు రెండూ సమృద్ధిగా ఉండేవి.

డేరా యజమాని, మిషను తిప్పే మనిషి ఒక్కడే. పట్నపు సాయిబు, బక్కపలచటి మనిషి. ఆయన్ను నేను ఉస్తాద్ అనేవాణ్ణి. నేను వాగినదానికి ఆయన మాట్లాడకుండా లెక్క సరిచేసేవాడు. దినమంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు ఆయనకు జ్వరం వచ్చిందేమోనని చూసేవాణ్ణి. పాత సామాన్ల దుకాణంలో ఆయన కొన్న జర్మనీ బొమ్మ ఒకటుండేది. టాకీలు వచ్చాక మూగబొమ్మలకు రేకు డబ్బాల పాటి విలువ కూడా లేదు. మొదటి రీలున్న డబ్బా దుకాణంలోనే పోయింది. దాంతో పాటు సినిమా పేరూ పోయింది, అందులో వేసిన నటుడి పేరూ పోయింది.

పేరు లేకపోయినా ఆ నటుడు మాత్రం సామాన్యుడు కాదు. మెలితిరిగిన మీసం, ఒక కంటికి అద్దం, మోకాళ్ల దాకా నల్లటి బూట్లు. ఆ దేశపు జమీందారు వేషం. మేడమెట్లు దిగుతాడు, నౌకర్ని కొరడాతో కొడతాడు, బూటుకాలు బల్ల మీద పెట్టి చుట్ట కాలుస్తాడు, ఆఖరుకి కిందపడి చస్తాడు. కథ అంతే. మిగతా కథంతా నాదే. ఆయన జీవిత చరిత్ర కూడా నాదే. బండి మీద డప్పు కొట్టించుకుంటూ ఊరూరా చాటేటప్పుడు, రావిర్యాలలో ఆయన పహిల్వాన్ అని చెప్పేవాణ్ణి. తుక్కుగూడలో భక్తులు ఎక్కువ కాబట్టి, పాపిష్టి వేషం వేసినప్పుడల్లా ఒక్కపొద్దు ఉంటాడని చెప్పేవాణ్ణి. ఎక్కడో బతికున్నాడో పోయాడో తెలియని మనిషికి ఇన్ని జన్మలిచ్చినవాణ్ణి నేనే.

ఒక రోజు ఆ చాటింపు బండి పక్క ఊళ్లో దొర ఉండే కోటలాంటి గడి ముందు నుంచి పోతోంది. ఆ ఊరి పేరు చెప్పను. ఆ దొర మనుమలు ఇప్పటికీ నాకు పెళ్లి కార్డులు పంపుతారు, భోజనాలు బాగుంటాయి. గడి ముందు ఎవరూ చెప్పులేసుకొని నడవగూడదు. చెప్పులున్నవాడు విడిచి చేతబట్టుకొని దాటాలి. నాకు అసలు చెప్పులే లేవు కాబట్టి ధైర్యంగా పోతున్నాను. గడి మనిషి ఒకడు ఉరికొచ్చి ఎద్దుల ముక్కుతాడు పట్టుకున్నాడు.

“బండి ఆపు. గా బొమ్మలోడు బూట్లేసుకోని గడి ముంగట్నుంచి పోతుండేంది?”

బండికి కట్టిన గుడ్డ మీద నటుడి రంగుల బొమ్మ ఉంది, బూట్లతో సహా. అది గుడ్డ మీది బొమ్మ అని చెప్పాను.

“బొమ్మకైతే కాళ్లు లేవా?” అన్నాడు.

నిజమే, ఉన్నాయి. ఇబ్రహీంపట్నం తిరిగొచ్చి, బొమ్మలేసే ఆయన్ను బతిమాలి బూట్లు చెరిపించి పాదాలు వేయించాం. తొందరలో ఆయన రెండూ ఎడమ పాదాలే వేశాడు. మెలిమీసం, కంటద్దం, కోటు, కింద రెండు ఎడమకాళ్లు. ఆ అవతారంలో మా జర్మనీ ఆయన గడి దాటాడు. కాళ్లను చూసి గడి మనిషి తృప్తిపడ్డాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. దొరకు బొమ్మ చూడాలని బుద్ధి పుట్టింది. మా డేరా వేసిన మైదానం ఆయనదే కాబట్టి రావద్దనడానికి లేదు. దీపాలు పెట్టే వేళకు సవారి బండిలో వచ్చి అందరికన్నా ముందు కుర్చీ వేయించుకున్నాడు. ఆట బాగానే సాగింది. నేను గొంతు చించుకుంటున్నాను. ఇంతలో తెర మీది జమీందారు బూటుకాలు ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ బూటు సరిగ్గా దొర ముఖానికి ఎదురుగా వచ్చింది. వెనక చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు. దొర లేచి నిలబడ్డాడు. ఉస్తాద్ మిషను ఆపాడు.

“మా తాతల కాన్నుంచి నా ముంగట ఎవ్వడు బూట్లు తొడగలె. వీడెవడు?” అన్నాడు దొర.

“హుజూర్, ఆయన జర్మనీల ఉన్నడు,” అన్నాడు ఉస్తాద్.

“ఉంటే ఉండనీ. నడిచేది నా జాగల గద.”

మీరు చదువుకున్నవాళ్లు, దీనికి జవాబుంటే చెప్పండి. ఉస్తాద్ మాట్లాడకుండా బిస్కెట్ల డబ్బా అట్ట ఒకటి చింపి, మిషను అద్దం ముందు కిందివైపున నిలబెట్టాడు. తెర మీద మోకాళ్ల కింద అంతా చీకటైపోయింది. ఆనాటి నుంచి ఇబ్రహీంపట్నంలో జర్మనీ నటుడికి కాళ్లు లేవు. గాల్లో తేలుతూ మెట్లు దిగేవాడు. బల్ల మీద కాలు పెట్టే చోట ఉస్తాద్ అట్టను ఇంకాస్త పైకి జరిపేవాడు. అన్నిటికన్నా కష్టం ఆయన చావు. కిందపడి చావాలి కదా, పడగానే అట్ట చాటుకు పోయి మనిషే మాయమయ్యేవాడు. జనం నా వైపు చూసేవాళ్లు. బొందితో కైలాసానికి పోయాడని చెప్పేవాణ్ణి. రోజూ ముందు వరసలో గంప పెట్టుకొని కూర్చునే పల్లికాయల అవ్వ “గంత పాపం జేసినోడు కైలాసానికెట్ల వోతడు బిడ్డా?” అని అడిగింది. ఆమె ఒక్కతే బొమ్మను శ్రద్ధగా చూసేది.

తర్వాత కాలం మారింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు వచ్చారు, దొర పట్నానికి పారిపోయాడు. అట్ట తీసేశాం. బూట్లు చూడ్డానికి జనం విరగబడ్డారు. బల్ల మీద కాలు పెట్టే చోట చప్పట్లు కొట్టి, మళ్లీ వెనక్కి తిప్పమనేవాళ్లు. నేను కూడా వాళ్ల మనసెరిగి, జమీందారును అచ్చం మా దొర గొంతుతో మాట్లాడించేవాణ్ణి. పోయినోళ్ల మీద పరాచికాలు సులువు. మధ్యలో రజాకార్లు వచ్చారు. వాళ్లతో పాటు దొర కూడా వాళ్ల టోపీ పెట్టుకొని వచ్చాడు. అట్ట మళ్లీ ఎక్కింది. టోపీలు మారినప్పుడల్లా మా అట్ట ఎక్కుతూ దిగుతూ ఉండేది. రాజ్యం ఎవరిదో తెలుసుకోవడానికి జనం పట్నం నుంచి కబురు కోసం ఎదురు చూడలేదు. డేరాకొచ్చి నటుడికి కాళ్లున్నాయో లేవో చూసుకొని పోయేవాళ్లు.

చివరికి పోలీసు యాక్షన్ వచ్చింది. సర్కారు లొంగిపోయింది, యూనియన్ మిలిటరీ లారీలు దిగాయి. ఈసారి దొర తెల్ల ఖద్దరు టోపీలో దిగాడు. ముచ్చటగా ఉన్నాడు. రజాకార్లకు తాను మొదటి నుంచీ వ్యతిరేకమని చెప్పుకుంటూ, వాళ్లెవరో వేలెత్తి చూపించే పని పెట్టుకున్నాడు. ఆయన వేలు చాలా చురుకు. తనతో కలిసి కోళ్లు తిన్న అసలు రజాకార్లు ఎప్పుడో సరిహద్దు దాటారు. కాబట్టి దొరికినవాళ్లనే చూపించాలి కదా. అంగడిలో గాజులమ్మే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆడపిల్లల చేతులు నొప్పి పుట్టకుండా గాజులు తొడిగేవాడని పేరు. ఆయన్ను ఒక పొద్దున లారీ ఎక్కించారు. ఎక్కడికి తీసుకుపోయారో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

నాకు అప్పుడు భయం పట్టుకుంది. ఉస్తాద్‌ను డేరా ఎత్తేసి పట్నం పొమ్మన్నాను. ఆయన బీడీ ముట్టించి, దారిలో కన్నా డేరాలోనే నయం అన్నాడు. అదీ నిజమే. ఆ రోజుల్లో గడ్డం ఉన్న మనిషి రోడ్డు మీద నడవడం కన్నా చీకట్లో మిషను వెనక నిలబడడం మేలు.

చలి మొదలైన రోజుల్లో దొర నన్ను గడికి పిలిపించాడు. మిలిటరీ కాప్టెన్‌కు వినోదంగా రేపు బొమ్మ వెయ్యాలని చెప్పాడు. బీడీ కూడా ఇచ్చాడు. ముట్టించే ధైర్యం లేక దాన్ని చెవి వెనక దోపుకున్నాను. తర్వాత నెమ్మదిగా అసలు మాట చెప్పాడు.

“రేపు అట్ట ఉండాలె. ఉంటే మీ ఉస్తాద్ సినిమాలోడు. తీస్తే రజాకారు. కాప్టెన్ నా మాట ఇంటడు, నీకు ఎర్కేనా?”

ఎరుకే. పరుగెత్తుకొచ్చి ఉస్తాద్‌కు చెప్పాను, చేతులు పట్టుకొని బతిమాలాను. ఒక్క పూట ఆ జర్మనీ ఆయనకు కాళ్లు లేకపోతే కొంపలేమీ మునగవన్నాను. ఆయన తలూపి, పాత అట్టకు తేమ తగిలిందేమోనని ఆరబెట్టాడు. అది చూసి నా ప్రాణం కుదుటపడింది.

మరుసటి రోజు డేరా కిక్కిరిసింది. ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో కాప్టెన్, కాలు మీద కాలేసుకొని. నిగనిగలాడే బూట్లు. పక్క కుర్చీలో దొర. ఆ బూటు కొస దొర మోకాలికి తగులుతూ ఉంది. దొర దాన్ని చూడనట్టు నటిస్తున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు డేరాలో మంచి నటుడు ఆయనే. కాప్టెన్‌కు తెలుగు రాదు, నేను హిందూస్తానీలో చెప్పడం మొదలుపెట్టాను.

జర్మనీ ఆయన తెర మీదికి రాగానే కాప్టెన్ కాలు దించి ముందుకు వంగాడు. మెట్లు దిగే చోటికి రాగానే ‘ఠైరో’ అని అరిచాడు. మిషను ఆగింది.

“వీడి కాళ్లేవి?” అన్నాడు.

అప్పుడు కాప్టెన్ చెప్పిన కథ ఇది. మొన్నటి పెద్ద యుద్ధంలో ఆయన ఎడారిలో పట్టుబడి జర్మనీలో ఖైదీగా ఉన్నాడట. ఆ ఖైదుఖానా సామాన్ల కొట్టు చూసే ముసలాయనే ఈ నటుడట. ఒకప్పుడు మూగబొమ్మల్లో పెద్ద పేరు. అంతకు ముందు యుద్ధంలో ఒక కాలు పోయింది. కర్రకాలు పెట్టుకొని, మోకాళ్ల దాకా బూట్లు తొడిగి, ఎవరికీ తెలియకుండా రాజులా నడిచేవాడు. ప్రతి బొమ్మలోనూ పట్టుబట్టి ఒక మెట్ల ఘట్టం పెట్టించుకునేవాడు. తర్వాత మాట్లాడే బొమ్మలొచ్చాయి. ఆయన నోరు తెరిస్తే సన్నగా పిల్లి కూతలాంటి గొంతు. జనం నవ్వారు, వేషాలు పోయాయి. ఆఖరుకి ఖైదీలకు దుప్పట్లు, ఆలుగడ్డలు పంచే కొలువులో తేలాడు. కానీ రోజూ పొద్దున కొట్టు మెట్లు దిగేటప్పుడు మాత్రం వెనకటి లాగే దిగేవాడట. ఆకలితో ఉన్న ఖైదీలు ఆలుగడ్డల కన్నా ముందు ఆ నడక చూడ్డానికి వరసకట్టేవాళ్లట. వీడి విద్యంతా కాళ్లలో ఉంటే, ఏ గాడిద వాటిని కోసేసింది అని కాప్టెన్ అడిగాడు.

ఇది నిజమా, కాప్టెన్ కల్పించాడా అని మీరు అడుగుతారు. ఏళ్ల తరబడి అదే నటుడికి ఊరికో చరిత్ర అల్లినవాణ్ణి, ఇంకొకడు అల్లితే నాకు తెలియదా? తెలియలేదు. ఆ మనిషి కళ్లు తడిగా ఉన్నాయి. నేను అల్లినప్పుడు నా కళ్లు ఎప్పుడూ తడవలేదు.

కాప్టెన్ మిషను దగ్గరికి వచ్చి అట్టను వేలితో తట్టాడు. ఇది ఎవరు పెట్టారని అడిగాడు. దొర మెడ తిప్పి ఉస్తాద్‌నే చూస్తున్నాడు.

“మిషన్ పాతది సాబ్,” అన్నాడు ఉస్తాద్.

అక్కడితో గండం గడిచేది. పల్లికాయల అవ్వ ఊరుకోలేదు. గంప పక్కకు జరిపి లేచింది.

“దొర ముంగట బూట్లేసుకోవద్దు గద సారూ. గందుకే గాయినకు కాళ్లు దీసేసిండ్రు. మేమైతే చెప్పులు చేతుల పట్టుకుంటం. పాపం గాయిన కాళ్లు యాడ పెట్టుకుంటడు?”

డేరా అంతా గొల్లుమంది. ఒక సిపాయి ఆ మాటను కాప్టెన్‌కు హిందూస్తానీలో చెప్పాడు. కాప్టెన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు, తర్వాత దొర వైపు చూశాడు. దొర అందరికన్నా గట్టిగా నవ్వాడు. ముసల్దానికి మతి లేదన్నాడు. అలాంటి ఆచారం ఈ ప్రాంతంలో ఎన్నడూ లేదన్నాడు. కాప్టెన్ అట్ట తీసెయ్యమని ఉస్తాద్‌కు హుకుం ఇచ్చాడు.

ఉస్తాద్ తియ్యలేదు. చేతులు కట్టుకొని దొర వైపు తిరిగి వంగి సలాం చేశాడు.

“హుజూర్ ఇజాజత్ ఇస్తే తీస్త,” అన్నాడు.

నా జన్మలో అంత పెద్ద మాట మళ్లీ వినలేదు. అనుమతి అడుగుతున్నాడు! కాప్టెన్ ఎదురుగా, ఊరందరి ఎదురుగా! ఇవ్వనంటే అవ్వ చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టు. ఇస్తే అట్ట తీసినందుకు రేపు ఉస్తాద్‌ను ఏమీ అనలేడు. దొర టోపీ సర్దుకున్నాడు. పెదాలు తడుపుకున్నాడు.

“తియ్, తియ్. నేనెప్పుడొద్దన్న?” అన్నాడు.

అట్ట తీశాక ఆ నల్లబూట్లు ఒక్కొక్క మెట్టూ దిగాయి. ఎప్పుడూ ఊళపెట్టే జనం ఆ రోజు కిక్కురుమనలేదు. నేనూ మాట మరిచిపోయాను. చెప్పేటోడు చెప్పకపోయినా బొమ్మ నడుస్తుందని ఆ రోజే తెలిసింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కలిగింది. ఏ కాలు కర్రదో మాత్రం ఆనాడు గానీ, ఆ తర్వాత వందసార్లు చూసి గానీ నేను పట్టుకోలేకపోయాను.

గెలిచామనుకొని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే లారీ వచ్చింది. ఆట అయ్యాక గడిలో చాయ్ తాగుతూ దొర చెప్పదలచుకున్నది కాప్టెన్ చెవిలో చెప్పే ఉన్నాడు. అట్ట సంగతి ఎత్తకుండానే రజాకారన్నాడు. వేలు చురుకని ముందే చెప్పాను కదా. ఉస్తాద్‌ను ఎక్కించారు, వెనకే మిషనునూ బొమ్మ డబ్బాలనూ ఎక్కించారు. నేను లారీ వెంట పరుగెత్తి రోడ్డు మీద పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. అవ్వ వచ్చి తన నోటి దూల వల్లే ఇలా అయిందని గుండెలు బాదుకుంది.

ఉస్తాద్ ఎండాకాలం నడుమ మిషనుతో సహా తిరిగొచ్చాడు, కాస్త ఒళ్లు చేసి కూడా. కాప్టెన్ ఆయన్ను ఖైదులో పెట్టలేదు. కాంపులో సిపాయిలకు బొమ్మలు వెయ్యడానికి పెట్టుకున్నాడు. రోజూ జర్మనీ ఆయన మెట్లు దిగాల్సిందే, కాప్టెన్ చూడాల్సిందే. బయట తన్నులాటలు, ఇళ్లు తగలబెట్టడాలు జరిగిన నెలలన్నీ ఉస్తాద్ సిపాయిల నడుమ రొట్టె తింటూ క్షేమంగా ఉన్నాడు. న్యాయమేదో గెలిచిందని మీరు అనుకోకండి. ఆయన బేకసూరని, ఏ తప్పూ చెయ్యలేదని ఎవరూ విచారించలేదు, ఎవరూ తేల్చలేదు. కాప్టెన్‌కు బొమ్మల పిచ్చి ఉంది, అంతే. దొర సంగతంటారా, ఆయనకేమైంది! సభల్లో పూలదండలు వేయించుకున్నాడు. నేను పనిచేసిన సినిమా హాలుకు రిబ్బను కత్తిరించింది కూడా ఆయనే. మన ప్రాంతానికి సినిమాను తెచ్చి పెట్టిందే తానని ఉపన్యసించాడు. నేను చప్పట్లు కొట్టాను. మేనేజరును కదా, కొట్టాలి.

ఉస్తాద్ వచ్చిన రోజు నేను సంతోషం పట్టలేక డేరాలో జనాన్ని పోగేసి, దొర ఇజాజత్ ఇచ్చిన ఘట్టమంతా ఆడి చూపించాను. టోపీ సర్దుకోవడం, పెదాలు తడుపుకోవడం అన్నీ. అవ్వ నవ్వలేక నవ్వలేక కూలబడింది. ఉస్తాద్ ఒక్కడే నవ్వలేదు. అందరూ పోయాక మిషను తుడుస్తూ, నేను అడగకుండానే మాట్లాడాడు. కాంపులో ముళ్ల కంచె అవతల గాజులాయన కనిపించాడట. తెర వెనక వైపు నుంచి, తిరగబడ్డ బొమ్మను చూస్తూ కూర్చునేవాడట.

“నా ఎంబడి పనికి పెట్టుకుంట, ఇడువుండ్రి సాబ్ అని అడిగిన,” అన్నాడు ఉస్తాద్. “వానికేం పనొస్తదని అడిగిండు కాప్టెన్. గాజులు తొడుగుతడని చెప్పిన. సిపాయిలకు గాజులెందుకురా అన్నడు. అందరు నవ్విండ్రు.”

గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

“నేను గూడ నవ్విన, బేటా. తెల్లారి సూస్తే కంచె అవతల ఆయన లేడు.”